కాళ్ళ మీద చాప

మా ఆయనకు సెలవు పెట్టడం చేతకాదు. మిగిలిపోయిన సెలవులన్నీ మురిగిపోతాయని ఆఫీసు వాళ్ళే హెచ్చరించాక, ఎటైనా వెళ్దామని నేను పట్టుబట్టాను. ఆయన గోవా అన్నారు. నేను ముఖం చిట్లించి, పటంలో నీలం తప్ప ఇంకేమీ కనబడని చోట ఒక చుక్క మీద వేలు పెట్టాను. అది సమోవా, పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న దీవుల దేశం. మా అత్తగారిని కూడా తీసుకెళ్దామన్నది నేనే. ఆ మాటకు మా అపార్ట్‌మెంటులో నాకు బోలెడంత మంచి పేరు వచ్చింది. నిజానికి నా ఉద్దేశం అంత గొప్పదేమీ కాదు. ఆవిడ ఆ గదిలోంచి బయటికి వస్తే చాలనుకున్నాను.

ఆవిడది కాకినాడ. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాక మదీనాగూడలో మా ఇంటికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో లిఫ్టు కూడా నచ్చేది కాదు గానీ, కింద క్లబ్‌హౌస్ హాల్లో శుక్రవారం సాయంత్రాలు ఆడవాళ్ళు పారాయణం చేస్తారని తెలిశాక మా టవర్ మీద ఆవిడకు ప్రేమ పుట్టింది. నెల తిరిగేసరికి మొదటి వరుస ఆవిడది, ఎత్తుకోవడం ఆవిడది. ఆవిడ గొంతు ఎత్తితే మిగతావాళ్ళు అందుకునేవారు.

తర్వాత రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. నడక బాగుపడింది, నొప్పి పోయింది. కానీ ఇక జన్మలో బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దని డాక్టరు చెప్పారు. మా ఎదురు ఫ్లాటావిడ, సిద్దిపేట వైపు మనిషి, హాల్లో వెనకాల ఒక కుర్చీ వేసి, "అత్తమ్మా, జర గిట్ల కూసోరాదు, ఫికర్ చెయ్యకు," అని ఎంతో ప్రేమగా కూర్చోబెట్టింది. మా అత్తగారు రెండు శుక్రవారాలు అలా కూర్చున్నారు. మూడో శుక్రవారం తలనొప్పి అన్నారు. తర్వాత తలనొప్పి కూడా చెప్పలేదు, తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఒకసారి నేను గట్టిగా అడిగితే అన్నారు, "అందరూ కింద, అమ్మవారు కింద, నేనొక్కదాన్నే పైన కాళ్ళు వేలాడేసుకుని, తీర్పు చెప్పేదానిలా. గొంతు ఎలా పెగులుతుందే అమ్మాయ్?" నాకు చిరాకు వేసింది. అంత ఖర్చు పెట్టి మోకాళ్ళు మార్పించుకున్నది గదిలో కూర్చోవడానికా అనిపించింది. శుక్రవారం సాయంత్రాలు కింది నుంచి అపశ్రుతిలో పారాయణం వినిపిస్తుంటే ఆవిడ గదిలో మంచం మీద కూర్చుని వేళ్ళతో తాళం సరిచేసేవారు. అది చూస్తే మాత్రం నా చిరాకు నిలిచేది కాదు.

మొత్తానికి మూడు విమానాలు మారి ఆ చుక్క మీద దిగాం. సముద్రం ఒడ్డున ఒక పల్లెలో, ఒక కుటుంబం నడిపే విడిదిలో గదులు తీసుకున్నాం. ఆ కుటుంబం ఉండే ఇల్లు మా గదుల వెనకే. దానికి గోడల్లేవు. మోకాళ్ళ కంటే కాస్త పై ఎత్తున కోడిగుడ్డు ఆకారంలో పెద్ద వేదిక, చుట్టూ స్తంభాలు, పైన కప్పు, అంతే. వాన వస్తే దించుకోవడానికి కొబ్బరాకు తడికలు చుట్టి పెట్టి ఉన్నాయి. మా టవర్‌లో గేటు దగ్గర కోడ్ చెప్పందే కూరగాయలు కూడా లోపలికి రావు. ఇక్కడ వాళ్ళు అన్నం తినేది, పిల్లల్ని తిట్టేది, కునుకు తీసేది అన్నీ దారిన పోయేవాళ్ళకు కనిపిస్తాయి. మా అత్తగారు చుట్టూ తిరిగి చూసి, "ఇల్లంతా అరుగే కట్టుకున్నారు. తెలివైనవాళ్ళు," అని తేల్చేశారు.

ఇంటి పెద్దావిడ మా అత్తగారి కంటే పెద్దది, భారీ మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక ఎర్ర మందారం. ఆవిడకు ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. ఆవిడ కూతురు విడిది చూసుకుంటుంది, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. మొదటి రోజే ఇద్దరు పెద్దవాళ్ళూ పెరట్లో చేమ మొక్కల దగ్గర నిలబడి, చేతి సైగలతోనే చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "చేమాకు వీళ్ళు కొబ్బరిపాలు పోసి కాలుస్తారట. దురద పోవాలంటే బాగా ఉడకాలి అన్నాను. తెలుసందావిడ," అన్నారు మా అత్తగారు. కొబ్బరి, సీమపనస, అరటి, మొగలి పొదలు, సముద్రపు గాలి. ఆవిడకు సగం కాకినాడకు వచ్చినట్టే ఉంది.

మా ఆయన రెండో రోజుకల్లా లుంగీలోకి మారిపోయారు. అక్కడ మగవాళ్ళందరికీ అదే బట్ట. పోలీసులు కూడా దాని మీదే బెల్టు పెట్టుకుని తిరుగుతారు. మదీనాగూడలో లుంగీతో బాల్కనీలోకి రావడానికి మొహమాటపడే మనిషి, అక్కడ దానితోనే బజారుకు వెళ్ళి, బస్సు ఎక్కి, పాటల హోరులో ఎవరి పిల్లవాణ్ణో ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చారు. చోటు లేకపోతే ఒళ్ళో కూర్చోవడం అక్కడ మామూలేనట. ఆ ముఖం మీద అంత నవ్వు నేను చాలా రోజులకు చూశాను.

ఆ నవ్వు సాయంత్రం కాస్త వాడింది. దీపాల వేళ అయ్యేసరికి పల్లెలో శంఖం ఊదుతారు. అప్పుడు ప్రతి ఇంట్లో ప్రార్థన. ఆ కాసేపు దారి మీద ఎవరూ తిరగకూడదు. అక్కడి దీపాల వేళ అంటే సరిగ్గా ఇక్కడ ఆయన ఆఫీసులో పొద్దున పదకొండు గంటల మీటింగు. సెలవులో ఉన్నా చెవి ఊరుకోదు కదా, ఆయన ఫోను పట్టుకుని దారి మీద పచార్లు చేస్తూ ఏదో వివరిస్తున్నారు. పూలచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, కోప్పడకుండా, కింద కూర్చోమని చెయ్యి చూపించాడు. మా ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని దారి పక్కన గడ్డిలో కూలబడ్డారు. ప్రార్థన అయ్యేదాకా మాట్లాడటానికి వీల్లేదని పెదాల మీద వేలుపెట్టి చూపించాడట. హైటెక్ సిటీలో వాళ్ళు హలో హలో అనుకుని ఫోను పెట్టేశారు. మర్నాటి నుంచి ఆ వేళకు ఫోను గదిలోనే ఉండిపోయేది. నేను సంవత్సరాలుగా చేయలేని పని ఒక శంఖం చేసింది.

ప్రార్థనకు మమ్మల్ని కూడా రమ్మని కూతురు పిలిచింది. మేమిద్దరం వెళ్ళి ఒక స్తంభం దగ్గర చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. వాళ్ళు పాడతారు. వాయిద్యం లేకుండా, ముందు పెద్దావిడ ఎత్తుకుంటే చిన్నా పెద్దా అందుకుంటారు. మా అత్తగారు మాత్రం రాలేదు. ఇసుకలో కుర్చీ వేయించుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. మాకు వీపు మాత్రమే కనబడేది. మేం పాట వింటుంటే ఆ వీపు పాటతో పాటు కొద్దిగా ఊగేది.

ఆదివారం వాళ్ళకు పెద్ద భోజనం. తెల్లవారుజామునే రాళ్ళు కాల్చి, వాటి మీద చేమదుంపలూ సీమపనసా చేపలూ ఆకుల్లో చుట్టి పేర్చి, అరిటాకులు కప్పేస్తారు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళొచ్చేసరికి ఊరంతా ఆ వాసన. మా అత్తగారు కూడా తెల్ల ఉప్పాడ చీర కట్టుకుని కూర్చున్నారు గానీ, భోజనానికి రమ్మంటే మళ్ళీ అదే పాట. "పళ్ళెం ఇక్కడికే పంపించమను. వాళ్ళందరూ కింద కూర్చుంటే..." నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చీ ఆ కుర్చీనే మోసుకొచ్చాం అనిపించి, కూతురితో మొత్తం చెప్పేశాను. మోకాళ్ళు, డాక్టరు, మా హాలు, వెనక వేసిన కుర్చీ, అన్నీ. ఆ అమ్మాయి వెళ్ళి వాళ్ళమ్మతో చెప్పింది.

పెద్దావిడ తనే బయటికి వచ్చింది. మా అత్తగారి చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి, ఆ వేదిక అంచు మీద కూర్చోబెట్టింది. కుర్చీ ఎత్తే కాబట్టి కష్టం లేదు. తర్వాత మెల్లగా వెనక్కి జరగమని చూపించింది. జరుగుతూ జరుగుతూ మా అత్తగారి వీపు స్తంభానికి ఆనింది. కాళ్ళు తిన్నగా ముందుకు చాచి ఉన్నాయి. ఎదురుగా ఇంటిల్లిపాదీ, పళ్ళేలు. ఆవిడ ముఖం పాలిపోయింది. కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుంటున్నారు, అందడం లేదు.

అప్పుడు పెద్దావిడ ఒక చిన్న చాప తెచ్చి, వంగి, ఆ కాళ్ళ మీద పరిచి, అంచులు పాదాల కిందికి దోపింది. దోపుతుంటే ఆవిడ వేళ్ళు మా అత్తగారి పాదాలకు తగిలాయి. అంతే, మా అత్తగారి చెయ్యి తనంతట తానే లేచి ఆవిడ తల మీద ఆనింది. నోట్లోంచి "దీర్ఘ సుమంగళీ భవ" అని వచ్చేసింది. తనకంటే పెద్దదాన్ని దీవించానని వెంటనే తెలిసి నాలుక కరుచుకున్నారు. పెద్దల తలను అలా ముట్టుకోవడం అక్కడ పెద్ద తప్పేనని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎవరూ కోప్పడలేదు. ఏమన్నారని కూతురు అడిగింది. నీ భర్త చాలాకాలం చల్లగా ఉండాలని అర్థమని చెప్పాను.

పెద్దావిడ అది విని చాలాసేపు నవ్వింది. "ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ దీవెన ఎవరైనా పడుచుపిల్లకి ఇవ్వమను. నా మోకాళ్ళకి ఏదైనా ఉంటే చెప్పమను," అందట.

నేను తెలుగులో చెప్పగానే మా అత్తగారు కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. "మోకాళ్ళకి మన దగ్గర దీవెనే లేదే అమ్మాయ్," అన్నారు.

కూతురు మాకు విషయం చెప్పింది. మనుషుల వైపు పాదాలు చాపడం వాళ్ళకూ అమర్యాదే. అయితే ముడవలేని కాళ్ళు ఎప్పుడూ ఉంటాయి కదా. వాటి మీద చాప కప్పేస్తే, ఇక ఆ కాళ్ళు చాపినట్టు కాదు. ఎవరి లెక్కలోనూ తప్పు కాదు. చెబుతూనే ఆ అమ్మాయి చేమాకు పొట్లం విప్పి మా అత్తగారి పళ్ళెంలో పెట్టింది. ఆవిడ మారు అడిగి తిన్నారు. ఆ సాయంత్రం నుంచి ప్రార్థన వేళకు ఆవిడ చోటు పెద్దావిడ పక్క స్తంభం. పాట మాటలు రాకపోయినా, చివరి రోజులకల్లా రాగం అందుకున్నారు. మేం వచ్చేస్తుంటే పెద్దావిడ ఆ చాపనే చుట్టి ఇచ్చింది. మా అత్తగారు వాసన చూసి, "మొగలాకే," అని చంకలో పెట్టుకున్నారు. మూడు విమానాల్లోనూ ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక చాప బీరువా వెనక్కి వెళ్ళింది. ఒక శుక్రవారం గడిచింది, ఇంకొకటి గడిచింది. మంచం మీద మళ్ళీ వేళ్ళు తాళం వేస్తున్నాయి. నేను ఉండబట్టలేక అడిగాను. "అక్కడ వాళ్ళకి తెలుసు. ఇక్కడ అమ్మవారి ఎదుట కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే ఏమనుకుంటారు?" అన్నారు. "అమ్మవారేమీ అనుకోదు అత్తయ్యా, అనుకునేది మీరే," అని చాప లాగి చేతిలో పెట్టాను. మాట కొంచెం కటువుగానే వచ్చింది. ఆవిడ నా వంక చూసి, చెప్పులేసుకున్నారు.

హాల్లో గోడ పొడవునా, మొదటి వరుస పక్కగా, యోగా వాళ్ళు వేయించుకున్న చెక్క వేదిక ఉంది, కుర్చీ కంటే కాస్త తక్కువ ఎత్తు. దాని అంచు మీద కూర్చోబెట్టాను. ఆవిడ వెనక్కి జరిగారు, వీపు గోడకు ఆనింది, కాళ్ళు ముందుకు వచ్చాయి. కింద వరుసల్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. ఆవిడ చాప విప్పి ముందుకు వంగారు, పాదాల దాకా అందలేదు. నేను వంగి పరిచాను. అంచులు పాదాల కిందికి దోపుతుంటే, పండగలకి మొక్కుబడిగా తప్ప ఈ పాదాలను నేనెప్పుడూ ముట్టుకోలేదని గుర్తొచ్చింది. అవి చల్లగా ఉన్నాయి.

మా ఎదురు ఫ్లాటావిడ లేచి దగ్గరకు వచ్చింది. "ఏంది అత్తమ్మా, గీ చాప?"

"అక్కడ ఇలాగే కూర్చుంటారమ్మా, నాలాంటి వాళ్ళు," అన్నారు మా అత్తగారు, చిన్న గొంతుతో.

ఆమె ఒక క్షణం చూసింది. తర్వాత వేదిక ఎక్కి పక్కన కూలబడి, తన కాళ్ళు కూడా చాపింది. "జర నా దిక్కు గూడ జరుపు అత్తమ్మా. సక్లముక్లం పెట్టుకొని కూసుండేసరికి నా మోకాళ్ళు గూడ పరేషాన్ చేస్తున్నయ్. ఎవలకు చెప్పాలె ఇన్నొద్దులు?" హాలంతా నవ్వింది. నేను చాప అడ్డంగా తిప్పి నాలుగు పాదాలూ కప్పాను.

కప్పి లేవబోతుంటే మా అత్తగారి చెయ్యి నా తల మీద పడింది. "దీర్ఘ సుమంగళీ భవ," అన్నారు అలవాటుగా. ఆగారు. చెయ్యి తియ్యలేదు.

"నీ మోకాళ్ళు కూడా చల్లగా ఉండాలే అమ్మాయ్," అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, పారాయణం ఎత్తుకున్నారు.