తిరిగొచ్చిన నెయ్యి చెంబు

మా బాపు పోయిన తర్వాత సుల్తానాబాద్ పక్క ఊళ్లో నాకూ నన్ను కన్న అవ్వకూ మిగిలింది రెండెకరాల వరి పొలం. అది ఇంకా బాపు పేరు మీదే ఉంది. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ దగ్గర విరాసత్ చేయించి, వారసత్వంగా అవ్వ పేరుకు మార్చుకోవాలి. ఆలోపు, ఏ పొలం ఎవరు దున్నుతున్నారో ఏటా రాసే పహాణీలో సాగుదారు గడిలో చిన్నాయన పేరు పడిందంటే, అవ్వకు ఆ పొలం పోయినట్టే. చిన్నాయన అప్పటికే గట్టు మీద నిలబడి కూలీలకు పని చెబుతున్నాడు.

మా ఊళ్లో లంచం అనే మాట ఎవరూ అనరు. ఇంటి ఆడమనిషి చెంబు నిండా నెయ్యి పట్టుకుని పట్వారీ ఇంటి పెరటి గుమ్మానికి పోతుంది. పట్వారీ భార్య మంచీ చెడ్డా అడిగి, నెయ్యి వంపుకుని, ఉత్త చెంబు ఇవ్వకూడదని అందులో గుప్పెడు బియ్యం పోసి పంపుతుంది. బియ్యం వచ్చాయంటే పని అయినట్టు. ఇంత మర్యాదగా జరిగే తప్పును తప్పనడం కష్టం. నేను అన్నాను. హైదరాబాదులో బి.ఏ. పూర్తిచేసి అప్పుడే వచ్చినదాన్ని, నోరు ఊరుకోదు.

“ఆయన పని ఆయన జెయ్యనీకె మనమెందుకియ్యాలె?”

“నువ్వు సదివినవ్, నేను నాటేసిన,” అంది అవ్వ. “చెంబెడు నెయ్యితోని పోయేదానికి లొల్లి వెట్టకు.”

“ఇయ్యాల చెంబు, రేపు బర్రె.”

“బర్రెనడిగిననాడు నీ బి.ఏ. కాయితం ఇద్దాం తియ్యి.”

నేను తగ్గలేదు. నెయ్యి ముట్టనిదే పట్వారీ కలం ముట్టడని తహసీల్దారుకు రెండు పేజీల దరఖాస్తు రాసి, స్వయంగా ఇచ్చి వచ్చాను. నా దస్తూరీ అంటే నాకు గర్వం. నాకు తెలియనిదల్లా ఒక్కటే. ఎవరి మీద ఫిర్యాదు వస్తే, విచారించి రిపోర్టు పంపమని ఆ కాగితాన్ని వారికే పంపుతారు. కాలేజీలో రాజ్యాంగం చెప్పారు గాని ఇది చెప్పలేదు.

నెల తిరిగేసరికి నా దరఖాస్తు పట్వారీ పెట్టెలో ఉంది. సంగతి తెలిసి అవ్వ నెయ్యి కాచింది. చెంబు నా చేతికే ఇచ్చింది.

“రాసిన చెయ్యి నీదే గద. నువ్వే మొయ్యి.”

మోశాను. ఇది లంచం కాదు, అవ్వ తిండి అని దారంతా నాతో నేనే వాదించుకున్నాను. వాదనలో ఎప్పుడూ నేనే గెలుస్తాను.

పట్వారీ భార్య చెంబు లోపలికి తీసుకుపోయి, వెంటనే తిరిగి తెచ్చింది. అందులో బియ్యం లేవు. నెయ్యి అట్లాగే ఉంది. వెనకాలే పట్వారీ వచ్చాడు. మొహంలో కోపం లేదు.

“కూసో బిడ్డా. మంచిగ రాసినవ్. నా మీద గింత మంచి దస్తూరితోని ఇంతవరకు ఎవలు రాయలే.”

“నెయ్యి తీస్కోండ్రి పట్వారీ సాబ్. విరాసత్ చెయ్యుండ్రి.”

“నెయ్యి తింటనని నువ్వే రాస్తివి గద, గిప్పుడెట్ల తీసుకోను?” తెల్లకాగితం నా ముందు పెట్టాడు. “ఒక్క ముచ్చట రాసియ్యి. పట్వారి ఎన్నడు ఏం తీసుకోలే, తెలువక రాసిన అని. మీ అవ్వ పేరు రేపే ఎక్కిస్త. రాయనంటవా, ఫికర్ లేదు. మీ చిన్నాయన గూడ రోజు వస్తనే ఉన్నడు.”

ఆ పెరటి గుమ్మానికి ఎందరో ఆడవాళ్లు చెంబులు మోశారు. వాళ్లెవరూ లంచం లేదని రాసివ్వలేదు. రాసింది ఊళ్లో నేనొక్కదాన్నే, అదీ అందమైన దస్తూరీతో.

మర్నాడు అవ్వ పేరు ఎక్కింది. ఆమె బతికినన్నాళ్లు ఆ పొలం గింజలే తిన్నది. ఆ నెయ్యి మా అన్నంలోకే వచ్చింది. నేను వేసుకోలేదని చెప్పుకుంటే బాగుంటుంది గాని, వేసుకున్నాను.

కొన్నేళ్లకు, పక్కవాడ విధవరాలు ఒకావిడ మా ఇంటికొచ్చింది. ఆమె కూడా పట్వారీ మీద ఫిర్యాదు పెట్టిందట. ఆయన మచ్చలేనివాడని తహసీల్దారు ఆఫీసులో నా కాగితమే చూపించారట.

“ఆయన మంచోడని నువ్వు రాసినవట గద బిడ్డా?”

“రాసిన.”

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే జవాబు చెప్పేదాన్నేమో. కొంగుతో మొహం తుడుచుకుని, “మరి నేనేం జెయ్యాలె?” అంది.

“ఇగ కాయితాలు రాయకు,” అన్నాను. “నెయ్యి కాసుకపో.”