అలల గ్రాఫు చుట్టూ నల్లచట్రం

మొన్న మా చెల్లెలి కూతురు కాలేజీ పని కోసం లాప్‌టాప్‌లో ఏదో గ్రాఫు గీసి, దాని చుట్టూ ఉన్న పెట్టెలాంటి గీతను రెండు నొక్కుల్లో తీసేసి, ఇప్పుడెంత తేటగా ఉందో చూడు పెద్దమ్మా అని నా ముందు పెట్టింది. బాగుందన్నాను. ఆ రాత్రి ప్రార్థనలో మా మేనమామ పేరే నోటికొచ్చింది.

మా తరంలో కంప్యూటరు ముందు కూర్చున్న తొలి ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. నెల్లూరులో అలల ఎత్తు అంచనా కట్టే చిన్న ఆఫీసులో చేరి, రాబోయే వారం గ్రాఫు అచ్చు తీసి, శనివారం బస్సులో మా పల్లెకు తెచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక వలలు దాచే పాక గోడకు అంటించేదాన్ని. గీత పైకి లేచిన రోజు వేటకు పోకూడదని అందరికీ నేర్పాను. అయితే ఆ సాఫ్ట్‌వేరు ప్రతి గ్రాఫు చుట్టూ దానంతటదే లావుపాటి నల్లచట్రం గీసేది. మా క్రైస్తవ సంఘంలో నల్లగీత కట్టిన కాగితమంటే మరణవార్తే.

మొదటివారమే మా మేనమామ, "ఏందమ్మే, ఎవురికి చావుకార్డు తెచ్చినావు?" అన్నాడు. అందరూ నవ్వారు, అత్త తప్ప. చట్రం తీయడం నాకు తెలుసు. మా పై అధికారి మాత్రం అది లేకపోతే పని అరకొరగా కనిపిస్తుందనేవారు. నిజం చెప్పాలంటే ఆ దర్జా నాకూ నచ్చింది.

ఒక వారం గురువారం దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది. మామ ఆ ఆదివారం పడవ మోటారు సామాను కోసం గూడూరు పోయి ఉన్నాడు. గోడ మీద ఉందిగా, చూస్తాడులే అనుకుని, ఎవరికీ నోటితో చెప్పకుండా సోమవారం ఆఫీసుకు వెళ్ళిపోయాను. నేను బస్సెక్కాక, వేటకు పోయే మగవాళ్ళకు చావుకాగితం ఎదురు రాకూడదని అత్త దాని మీద గోనెసంచి వేలాడదీసింది. గురువారం వేటకు పోయిన మామ పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మామ రాలేదు.

"చావు కాయితమని కప్పినా తల్లీ," అంది అత్త, నా చెయ్యి వదలకుండా. "ఆయన బతుకు దాంట్లో ఉండాదని నాకేం తెలుసు?"

మామ జ్ఞాపకార్థ కూడిక కాగితం పాస్టరుగారు నన్నే తయారుచేయమన్నారు. అదే కంప్యూటరు ముందు కూర్చొని చట్రం తీసేశాను. రెండు నొక్కులే పట్టింది.

ఇప్పుడు మా ఒడ్డున పాక లేదు, గోడ లేదు. హెచ్చరిక ఎవరి ఫోనుకు వాళ్ళకు వస్తుంది, దాని చుట్టూ ఏ గీతా ఉండదు. ప్రభువు నన్ను క్షమించాడని నమ్ముతాను. బైబిలు చెప్పినట్టు సముద్రం తనలోని మృతులను అప్పగించే దినం వస్తుందని అంతకన్నా గట్టిగా నమ్ముతాను. ఆ దినాన మామ ఎదురొచ్చి, ఏందమ్మే అని పిలిస్తే, మొదట ఏం చెప్పాలో మాత్రం ఇన్నేళ్ళయినా నాకు తోచలేదు.