అందరి ముందే

కళ్లజోళ్ల షాపాయన ప్రార్థన మొదలుపెడితే ఏడ్చే పిల్లలు కూడా ఊరుకుంటారని మందిరంలో చెప్పుకునేవారు. ఆ మాట ఆయన చెవినా పడింది. అప్పటి నుంచి ఆయన ప్రార్థన మరింత పొడవైంది.

షాపులో ముందు కుర్చీ ఆయనది. వెనక గదిలో అద్దాలు అరగదీసే పని తమ్ముడిది. ఒక ఆదివారం ఆయన వినయం గురించి ప్రసంగిస్తూ, బైబిల్లో జ్ఞానిగా పేరుపడ్డ రాజు మాటను ఒక ప్రవక్తకు అంటగట్టాడు.

"అది రాజు మాట అన్నయ్యా," అన్నాడు వెనక వరసలోంచి తమ్ముడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడు తమ్ముడు పనికొచ్చేసరికి వెనక గదికి కొత్త తాళం వేలాడుతోంది.

తమ్ముడు వేరేచోట పని చూసుకున్నాడు. ఏళ్లు గడిచాయి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒకరోజు గోడ పట్టుకుంటూ షాపుకొచ్చాడు.

"ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సింది అన్నయ్యా. మనసులో పెట్టుకోకు."

ఆయన ఫ్రేము తుడుస్తూ తలెత్తలేదు. "అందరి ముందే అన్నావుగా. అందరి ముందే అడుగు."

తమ్ముడు ఆయాసం తీర్చుకుని, "సరే, ఆదివారం వస్తాను," అన్నాడు.

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. క్షమిస్తూ ఏమేం అనాలో ముందే సిద్ధం చేసుకున్నాడు. ఆరాధన ముగిసింది. తమ్ముడు రాలేదు.

"వాడు మాట మీద నిలబడే రకమా!" అన్నాడు భార్యతో.

మందిరానికి బయల్దేరుతూ తమ్ముడు గుమ్మంలోనే కూలబడ్డాడని మధ్యాహ్నం కబురొచ్చింది. "రేపు చూద్దాంలే," అన్నాడాయన. తెల్లారేసరికి తమ్ముడు లేడు.

సమాధి దగ్గర ఆయనే మైకు పట్టుకుని ప్రార్థన చేశాడు. జనం వెక్కివెక్కి ఏడ్చారు. "దేవుడే దిగొచ్చినట్టుందండీ," అన్నాడొకాయన. ఆ మాటకు ఆయనకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్లు జలదరించింది.

మరదలి కంట మాత్రం చుక్క నీరు లేదు. "మైకు బాగానే పలికింది బావగారూ," అంది.

ఇంటికొచ్చి తలుపు మూసి మోకరించాడు. "తండ్రీ," అన్నాడు. తర్వాత ఏమనాలో తోచలేదు. ఇంకోసారి అన్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. లోపల వెతుక్కుంటే, లోపలా ఏమీ లేదు. తలుపు తీసి భార్యను పిలిచాడు.

"ఒక్క నిమిషం ఇలా వచ్చి కూర్చో. ఎవరైనా వింటుంటే మాటలొస్తాయి."

ఆవిడ అంట్లు తోముతూ వెనక్కి తిరగలేదు. "దేవుడితో చెప్పుకోడానికి మధ్యలో నేనెందుకు?"

ఆయన లోపలికెళ్లి పడుకున్నాడు.

మరుసటి ఆదివారం కూడా ప్రార్థన ఆయనదే. ఎప్పటికన్నా బాగా చేశాడన్నారు.