ముసునూరు తోటలో నా మౌనవ్రతం

మామిడితోటలో దొంగలు దొరకడం మా నూజివీడు వైపు వింతేమీ కాదు. కానీ నన్ను నేను వెతుక్కుంటూ వెళ్ళి, సొంత మామగారి తోటలో దొంగనై దొరికిపోయిన ఘనత మాత్రం నాదే. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ సుభద్ర ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అరవైల మొదట్లో నేను నూజివీడులో గుమాస్తాను. నా నోట్లో రెండే మాటలుండేవి: "చిత్తమండి", "అలాగేనండి". ఆఫీసరుగారు తుమ్మినా చిత్తమండి అనేవాణ్ణి. "కాదు" అనాలని లోపల ఎంతో ఉండేది. కానీ అది గొంతు దాకా వచ్చేసరికి, ఉద్యోగం పోతుందేమోనన్న భయం పట్టుకునేది.

ఆ వేసవిలో ఆఫీసరుగారింటి ఆవకాయకి కాయలు కొట్టి పెట్టాను. తర్వాత ఆయన బావమరిది ఇంటి ఆవకాయకి కొట్టాను. ఈలోగా మా ఇంట్లో ఆవకాయకని తెచ్చిన కాయలు మెత్తబడి, పండి కూర్చున్నాయి.

"ఊరందరి కాయలూ కొట్టారు, మన కాయలేమో పళ్ళయ్యాయి," అంది సుభద్ర. "ఒక్కసారి కాదనడానికి మీకు నోరు లేదూ?"

"అది కాదే..."

"నా దగ్గరే వస్తుంది ఆ 'కాదు'! మీకు నోరుందో లేదో తేల్చుకోండి. ఉంటే వచ్చి నన్ను తీసుకెళ్ళండి," అని ముసునూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇల్లు బోసిపోయింది. దాచడమెందుకు, ఏడ్చాను కూడా. సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి వచ్చిన ఒక స్వామివారు, "నాయనా, నువ్వెవరో నీకే తెలీదు. మౌనం పట్టు, లోపలివాడు పలుకుతాడు," అని సెలవిచ్చారు. వెంటనే పట్టేశాను. నోరు కావాలన్న పెళ్ళాం కోసం మౌనవ్రతం పట్టిన మొగుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ముసునూరులో బస్సు దిగాక మామగారి మీసాలు గుర్తొచ్చి వాళ్ళింటికి పోబుద్ధి కాలేదు. ముందు లోపలివాణ్ణి పట్టుకుని, ఆ ధైర్యంతో వెళదామని దారిపక్క ఉన్న ఆయన తోటలోకే దూరాను. రసాల చెట్టు కింద బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని, "నేనెవరు? నేనెవరు?" అని లోలోపల జపం మొదలుపెట్టాను. ఒక పండు టపీమని ఒళ్ళో పడింది. ప్రసాదం అనుకున్నాను.

"ఎవడ్రా నువ్వు?"

ఒళ్ళు పులకరించింది. లోపలివాడు పలికాడు! కాస్త మోటుగా పలికాడు, అంతే. కళ్ళు తెరిస్తే ఎదురుగా కర్రతో కాపలా మనిషి. ఆ ఏడు మామగారు తోట గుత్తకిచ్చారు. గుత్తేదారు చాట్రాయి నుంచి తెచ్చిన ఈ మనిషికి నేనెవరో తెలియదు.

"ఎవరి తాలూకు? మాట్లాడవేం?"

గుండె మీద చెయ్యి పెట్టుకుని, వేలు పైకి చూపించాను. ఆత్మ, పరమాత్మ అని నా భావం.

"ఏంటీ, నువ్వే చెట్టెక్కావా? ఎంత ధైర్యంరా! ఒళ్ళో కాయ పెట్టుకుని మరీ చెబుతున్నావు!"

మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది పూర్తి నేరాంగీకారమైపోయింది. నా కండువాతోనే నా చేతులు కట్టి, మామగారి ఇంటికి నడిపించాడు. అదృష్టం బాగుండి మామగారు ఊళ్ళో లేరు. అరుగు మీదికి సుభద్ర వచ్చింది.

"అమ్మాయిగారూ, తోటలో దొంగ దొరికాడండి. ఎంత అడిగినా ఎవరో చెప్పట్లేదు. మీకేమన్నా తెలుసాండీ?"

సుభద్ర నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నేను కళ్ళతోనే కాళ్ళావేళ్ళా పడ్డాను.

"పోలికలైతే మా ఆయనవే," అంది తాపీగా. "కానీ ఆయనకి ఇక్కడికి రావడానికి తీరికెక్కడిది? ఎవరింట్లోనో కాయలు కొడుతుంటారు."

"అయితే దొంగేనంటారా అండీ?"

"ఆ మాట అతన్నే అడుగు. కాకపోతే కాదని చెప్పడూ?"

"ఏరా, దొంగవేనా?" అని కర్ర ఎత్తాడు.

"కాదు!" అన్నాను. ఆ కేకకి నేనే అదిరిపడ్డాను. ఒకటి బయటికొచ్చాక మిగతావి ఆగుతాయా? "కాదు, కాదు! దొంగని కాదు! ఎవరింట్లోనూ ఇక కాయలు కొట్టను! నేను చలపతిని! ఇదిగో, దీని మొగుణ్ణి!"

సుభద్ర పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు గుర్తుపట్టాను. కట్లు విప్పవయ్యా, మా ఆయనే."

సుభద్రని తీసుకుని నూజివీడు వచ్చేశాను. మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టగానే ఆఫీసరుగారు, "చలపతీ, మా వియ్యాలవారింట్లో ఆవకాయ..." అన్నారు.

"కుదరదండి," అన్నాను కళ్ళు గట్టిగా మూసుకుని.

"అలాగా? ఇంకొకర్ని చూస్తాలే," అని ఆయన ఫైల్లోకి తల దూర్చారు. అంతే! ఉద్యోగం పోలేదు, ఆకాశం ఊడిపడలేదు. ఇన్నేళ్ళూ నేను భయపడి చచ్చింది దీనికా!

ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను.

"బావి నుంచి రెండు బిందెలు నీళ్ళు తెండి," అంది సుభద్ర.

"కుదరదు!"

సుభద్ర నన్ను తేరిపార చూసి, ఎంతో మర్యాదగా అడిగింది: "ఎవరండీ మీరు?"

అందుకే తూర్పు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. నేనెవరినో తెలుసుకోవాలని ఇకమీదట ఏ తోటలోకీ దూరను, ఏ చెట్టు కిందా కూర్చోను, మౌనం జోలికి అసలే పోను. అంతగా సందేహం వస్తే, బిందె చేత్తో పట్టుకుని మా ఆవిణ్ణే అడుగుతాను.