మళ్లీ చేస్తానన్న ఫోన్

మొన్న నారాయణగూడలోని మా ఆఫీసులో కృత్రిమ మేధ మీద శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చినతను మా మేనేజరు చేత అరనిమిషం మాట్లాడించి, ఆ మాటల్ని కంప్యూటర్‌కు వినిపించాడు. కాసేపటికి స్పీకర్లోంచి అచ్చం మేనేజరు గొంతే, ఆయన కలలో కూడా అనని మాట అన్నది: "రేపు అందరికీ సెలవు." గదంతా నవ్వింది. మేనేజరు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నాకు మాత్రం నవ్వు రాలేదు. గొంతులోని చిన్న జీర, మాట చివర విడిచే ఊపిరి, అన్నీ ఉన్నాయి, మనిషే లేడు. రెండేళ్ల కిందట విఠల్ సార్ గొంతుతో నాకొక ఫోన్ వచ్చింది. అది సార్ చేశారా, సార్ గొంతును ఎత్తుకుపోయిన దొంగలు చేశారా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అది చెప్పాలంటే ముందు సార్ గురించి చెప్పాలి.

మాది రక్తపరీక్షలు చేసే సంస్థ. ఊరంతా శాఖలున్నాయి, ప్రధాన కార్యాలయం ఇక్కడ. కంప్యూటర్ల విభాగానికి విఠల్ సార్ పెద్ద. చిక్కడపల్లిలో పుట్టి, అక్కడే పెరిగి, రోజూ అక్కడినుంచే నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చే మనిషి. నేను అంబర్‌పేట్ బస్తీ పిల్లను. మా నాన్న పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. గ్రూప్స్ కోసం అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో నాలుగేళ్లు కూర్చుని, చివరికి కళ్లద్దాలు తప్ప ఏమీ సంపాదించలేక, ఒక కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని సార్ ముందు నిలబడ్డాను. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు.

"ఎవరన్న ఫోన్ చేసి, నా పాస్‌వర్డ్ మర్చిపోయిన, మార్చియ్యి అంటే ఏం జేస్తవ్?" అని అడిగారు.

"పేరు, పుట్టిన తేదీ అడుగుత సార్."

"గవి ఎవనికైన దొరుకుతయి. మళ్ల చేస్త అని చెప్పి పెట్టెయ్. ఈ డైరీల ఉన్న నంబర్‌కు నువ్వే చెయ్. ఎత్తకపోతే పొయ్యి మొకం చూసి రా" అంటూ రెక్సిన్ అట్ట డైరీ ఒకటి నా చేతిలో పెట్టారు. ప్రతి ఉద్యోగి నంబరూ ఆయన చేతిరాతలో ఉంది. కంప్యూటర్ల పెద్ద కంప్యూటర్‌ను నమ్మకుండా డైరీ రాసుకోవడం నాకు విడ్డూరంగా అనిపించింది. ఒకసారి పాస్‌వర్డ్ అడిగిన గాంధీనగర్ శాఖ డాక్టరమ్మ, తిరిగి చేస్తే ఫోన్ ఎత్తలేదని మండుటెండలో నడిచివెళ్లి, ఆమెను తలుపు దగ్గరినుంచే చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చారట. ఇంటావిడ చేసినా సార్ పెట్టేసి మళ్లీ చేస్తారని ఆఫీసులో వేళాకోళం చేసేవాళ్లు. అది నిజమేనని తర్వాత ఆవిడే చెప్పారు.

నేను చేరిన మూడో నెలలో లోయర్ ట్యాంక్ బండ్ శాఖ నుంచి టెక్నీషియన్ ఒకామె ఏడుస్తూ ఫోన్ చేసింది. రిపోర్టు తెరుచుకోవడం లేదు, రోగి తాలూకు వాళ్లు మీదికి వస్తున్నారు. నాకు జాలేసింది. ఫోన్ పెట్టేయకుండానే పాస్‌వర్డ్ మార్చి ఇచ్చేశాను. సాయంత్రం ఏదో ఘనకార్యం చేసినట్టు సార్‌కు చెప్పాను. ఆయన నా బల్ల మీది డైరీని వేలితో చూపించారు. నాకు ఒళ్లు మండింది.

"ఆమెనే కద సార్. దొంగ కాదు కద."

"ఆమెనే. గది నీకు తర్వాత తెల్సింది. మార్చినప్పుడైతే తెల్వదు. రేపు పొయ్యి మొకం చూసి రా."

అయిపోయిన పెళ్లికి బాజాలా అని గొణుక్కుంటూ మర్నాడు ఆటో ఎక్కాను. ఆమె నన్ను చూసి బిత్తరపోయింది, ఎందుకొచ్చానో అర్థం కాక చాయ్ తెప్పించింది. తిరిగొచ్చాక సార్ అడిగింది ఒకే మాట: "ఎట్లుంది మనిషి?" ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందని చెప్పాను. ఆయన తల ఊపి తన పనిలో పడ్డారు. అంత కోపంలోనూ ఆ పుట్టుమచ్చ నాకు గుర్తుండిపోయింది, ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా మనిషి కళ్ల ముందు కనిపించేది.

కొన్నేళ్లకు యాజమాన్యం ఒక ఏఐ సహాయకుణ్ణి కొన్నది. ఏం అడిగినా తెలుగులో చక్కగా జవాబు చెప్పేది. ఇక పాస్‌వర్డుల పని కూడా అదే చూసుకుంటుందని అందరూ సంబరపడ్డారు. సార్ రెండు రోజులు దాని ముందు కూర్చున్నారు. మా దగ్గర లేని ఒక ఉద్యోగి పేరు కల్పించి, అతనికి సెలవులు ఎన్ని మిగిలాయని అడిగారు. అది ఏమాత్రం తడుముకోకుండా పదకొండు అంది. సార్ నావైపు తిరిగారు.

"ఇది అబద్ధమాడుతలేదు బిడ్డా. నిజం గూడ చెప్తలేదు. మరి ఏం జేస్తున్నదో నాకు సమజైతలేదు."

ఆయన అంత పరేషాన్ కావడం నేను చూడడం అదే మొదలు. మీటింగులో పోట్లాడి, పాస్‌వర్డులు మార్చే అధికారం మాత్రం దానికి దక్కకుండా చేశారు. ఆ రోజుల్లోనే పెద్దల గొంతులు అనుకరించి ఆఫీసులను మోసం చేస్తున్నారన్న వార్తలు మొదలయ్యాయి. సార్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "రేపు నా గొంతే వచ్చినా గిదే పద్ధతి. సారే గద అని మురిసిపోవద్దు" అన్నారు. ఆ మాటలను వీడియో తీసి అన్ని శాఖలకూ పంపాం. మోసపోవద్దని చెప్పిన ఆ వీడియోతోనే సార్ గొంతు ఎవరి చేతికైనా చిక్కేలా చేశామన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదేనేమో.

ఆ వానాకాలం సార్ ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"బిడ్డా, నేనే. నా మెయిల్ తెరుచుకుంటలేదు. జర పాస్‌వర్డ్ మార్చి చెప్పు."

ఆయాసంగా ఉంది, కానీ ఆయన గొంతే. ఎట్లున్నరు సార్ అని అడగబోయి ఆగిపోయాను. 'బిడ్డా' అన్న మాట వీడియోలో ఎన్నిసార్లు ఉందో లెక్కలేదు. "నేను మళ్ల చేస్త సార్" అన్నాను.

"ఇంకో మాట, బిడ్డా..." అంటూండగానే పెట్టేశాను.

డైరీలోని నంబరుకు చేస్తే స్విచాఫ్. ఇంటి ఫోన్ మోగి మోగి ఆగింది. మొకం చూసి రావాలి కదా, ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాను. అప్పటికే సార్‌ను ఐసీయూలోకి మార్చారు, లోపలికి పోనివ్వలేదు. బయట బెంచీ మీద ఆయన భార్య సులోచనమ్మ గారు కూర్చుని ఉన్నారు.

"ఆయన ఫోన్ పొద్దుగాలనే బంద్ అయింది, నా సంచిలనే ఉన్నది" అన్నారామె. "మందులకని నేను కిందికి పోయిన. పక్క మంచపాయన ఫోన్ అడిగిండేమో మరి, నాకు తెల్వదు." పక్క మంచం మనిషి నేను వచ్చేసరికే ఇంటికి వెళ్లిపోయాడు. నాకు వచ్చిన నంబరు ఆ తర్వాత ఎన్నడూ కలవలేదు. ఆ ఫోన్ వచ్చిన మూడో రోజు ఉదయం, స్పృహలోకి రాకుండానే సార్ పోయారు.

సార్ ఖాతా తెరవడానికి ఆ మధ్యాహ్నం ఎవరో అయిదుసార్లు ప్రయత్నించినట్టు రికార్డుల్లో ఉంది. అది దొంగ పనా, తడబడిన వేళ్లతో సార్ చేసిన పనా అన్నది ఆ రికార్డు చెప్పలేదు. దశదినకర్మ నాడు సులోచనమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, ఆ మెయిల్లో తన కోసం ఏమైనా రాసిపెట్టారేమో చూడమన్నారు. యాజమాన్యం నీ ఇష్టం అంది. పోయినవాళ్ల ఖాతాలు నెలకు చెరిపేయాలి, చెరపవలసింది నేనే. మనిషి తన నోటితో చెప్పకుండా అతని మెయిల్ తెరవకూడదన్నది కూడా సార్ పెట్టిన నియమమే. అడుగుదామంటే ఇక ఏ నంబరుకు చేయాలి? ఆ మిగిలిన రోజులన్నీ ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు కొట్టుకున్నాను. చివరి రోజు, తెరవకుండానే చెరిపేశాను.

వెళ్లి ఆ మాట సులోచనమ్మ గారికి చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూశారు.

"ఆయన ఉంటే నిన్ను మెచ్చుకునేటోడు బిడ్డా. నేనైతే మెచ్చుకోలేను" అన్నారు.

నేను ఆమెను తప్పుపట్టలేను. చేసింది సరైనదో కాదో నాకు ఒక్కోరోజు ఒక్కోలా అనిపిస్తుంది. సార్ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, కొత్తవాళ్లకు ఆ డైరీ పద్ధతే నేర్పుతున్నాను, దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కటి మాత్రం సొంతంగా చేర్చుకున్నాను. మళ్లీ చేస్తానని చెప్పాక వెంటనే పెట్టేయను. అవతలివాళ్లు దొంగలైనా సరే, చెప్పదలచుకున్న ఆ ఇంకో మాట పూర్తయ్యేదాకా వింటాను.