మనవాళ్ళ ముక్క

ఆ ల్యాబులో ఆమెను అందరూ కత్తిపిన్ని అనేవాళ్ళు. కత్తిలాంటి మనిషని కాదు, కత్తితో పని చేసే మనిషని. రోగుల ఒంట్లోంచి తీసిన చిన్న చిన్న కండముక్కల్ని కరిగిన మైనంలో పెట్టి గట్టిపరిచి, ఆ బిళ్ళను మిషనుకు బిగించి, చక్రం తిప్పుతూ ఉల్లిపొరకన్నా పల్చగా కోయడం ఆమె ఉద్యోగం. కోసిన పొరలు రిబ్బనులా జారుతూ వస్తాయి. వాటిని గోరువెచ్చని నీళ్ళమీద తేల్చి, గాజుపలక మీదికి ఎత్తి రంగు వేస్తే, డాక్టర్లు మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్తారు. పక్క మిషను మీద కూర్చునే ఆయన్ని అందరూ బావగారు అనేవాళ్ళు. పిన్నికి బావగారు ఏ వరసవుతాడో ఆ ల్యాబులో ఎవరికీ పట్టలేదు.

చుట్టరికాన్ని వాళ్ళు పట్టించుకునేది ఒక్కచోటే. మనవాళ్ళ ముక్క మన చేత్తో కోయకూడదు. సొంతమనిషి ముక్క వస్తే "ఇది మావాళ్ళది" అని కుర్చీలోంచి లేవాలి, పక్కవాళ్ళు వచ్చి కూర్చోవాలి. ఎవరిది, ఏమైంది అని అడగకూడదు. సొంతవాళ్ళదైతే చేతికి ఎక్కడ ఆగాలో తెలియదు మరి.

ఆ పద్ధతి మొదలైంది ఆమెవల్లే అంటే నమ్ముతారా? ఆమె కొత్తగా చేరినప్పుడు తమ్ముడి పేగుముక్క ఆమె బల్లమీదికే వచ్చింది. అప్పటికే వాడు తిన్నది నిలవక, దొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ నెత్తురు పడుతూ, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పేరు చూసి కూడా కోయబోతుంటే అప్పటి పెద్ద డాక్టరుగారు ఆమెను లేపేసి, ఇంకొకరిచేత కోయించి, తర్వాత పిలిచి మైక్రోస్కోపులో చూపించాడు.

"ఈ నీలం చుక్కలన్నీ శత్రువులనుకున్నావా? కాదమ్మా. మన ఒంటి కాపలా కణాలే. క్రిమి ఏదైనా దూరితే వచ్చి మంటపెట్టి తరిమేస్తాయి. పనయ్యాక 'చాలు, ఇక పదండి' అని సర్దిచెప్పే కణాలు వేరే ఉంటాయి. మీవాడి పేగులో ఆ చెప్పేవాళ్ళు లేనట్టున్నారు. అందుకే సొంత ఇంటికే నిప్పు పెట్టుకుంటున్నాయి."

ఇంటికెళ్ళి చెబితే తమ్ముడు నవ్వాడు. "మన ఇంట్లో మాత్రం? నువ్వు మొదలుపెట్టావంటే నిన్నాపేవాళ్ళున్నారా అక్కా?"

వెటకారం కాదు, నిజమే అన్నాడు. ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోందని ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. పెద్దపేగు తీసేసి, మలం పోయేందుకు పొట్టకు సంచి పెడితే బతుకుతాడని సర్జన్లు చెప్పారు. తమ్ముడు సరేనన్నాడు. "చాలక్కా. తీసెయ్యమను. ఇక నావల్ల కావట్లేదు."

"మతిపోయిందా నీకు? పొట్టకు సంచి కట్టుకు తిరిగేవాడికి పిల్లనెవరిస్తారు? ఇంకొక్కసారి మందు మార్చి చూద్దాం." మార్చారు. మళ్ళీ మార్చారు. వాడు చాలక్కా అంటూనే ఉన్నాడు, రోజురోజుకీ చిన్న గొంతుతో. ఒకనాడు పేగు చిల్లుపడింది. ఆపరేషన్ బల్ల దాకా కూడా వెళ్ళలేకపోయాడు.

అదిగో, అప్పట్నుంచీ చక్రం తిప్పినప్పుడల్లా ఆమెకు అదే వినిపించేది. ఒక్కో చుట్టుకీ చాలక్కా, చాలక్కా. నూనె వేయించింది. పోరు పెట్టి మిషనే మార్పించుకుంది. కొత్త మిషనూ అదే మాట అంది. బావగారిని అడిగితే తనకేమీ వినిపించట్లేదన్నాడు. ఆమె ఇంకెవర్నీ అడగలేదు.

కూతురు పుడితే అచ్చం మేనమామ పోలిక. చూసినవాళ్ళంతా మురిసిపోయారు. ఆ గడ్డం, ఆ డొప్పచెవులు చూసి ఆమెకు మాత్రం బిడ్డనందుకోవడానికి చేతులు రాలేదు. పిల్ల గట్టిపిండంలా పెరిగింది, సిటీబస్సు డ్రైవరయింది. అంత పెద్ద బస్సును ఇరుకుసందులో వెనక్కి తిప్పుతుంటే తల్లి గుండె చిక్కబట్టుకుని చూసేది. అయినా లోపల ఏ మూలో ఎదురుచూస్తూనే ఉంది. ఆ ఎదురుచూసిందే వచ్చింది. ఒక పొద్దున బాత్రూములోంచి కూతురు అరచెయ్యి గోడకానించి, మోకాళ్ళు వంచి, మెల్లగా నడిచొచ్చింది. తమ్ముడే. ఆమె చేతిలో గ్లాసు కిందపడింది.

"ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అంది కూతురు.

తన బస్సు దారిలో ఏ స్టాపు దగ్గర టాయిలెట్టుందో కూతురికి కంఠతా వచ్చేసింది. ఒకసారి బస్సు నడిరోడ్డులో ఆపి పరుగెత్తితే, అలిగి ఉద్యోగం మానేసిందనుకున్నారట జనం. ఆ సంగతి చెప్పి నవ్వింది, తర్వాత స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చానని కూడా చెప్పింది. కాపలా కణాల దూకుడు తగ్గించే సూదిమందు కొన్నాళ్ళు పనిచేసింది, తర్వాత జబ్బు దానికి లొంగలేదు. కడుపు డాక్టరు మళ్ళీ పేగులోకి గొట్టం వేసి ముక్కలు తీశాడు. "మంట తగ్గుంటే ఇదే మందు. తగ్గకపోతే పెద్దపేగు తీసెయ్యడం గురించి ఆలోచించాలి" అన్నాడు.

ఈసారి ఆ ముక్కలు నేరుగా కత్తిపిన్ని బల్లమీదికొచ్చాయి. పక్కన బావగారు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మావాళ్ళది అని ఒక్కమాట చాలు. అనకుండానే బిళ్ళ బిగించి కోసింది. రంగు వేసి తనే చూసుకుంది. నీలం చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. తమ్ముడి పేగులో చూసిందే ఇది. లోపలి పొరల్లో తగ్గి ఉంటుందిలే అనుకుంది. చాలు అనేవాళ్ళు ఏ అడుగునో ఉంటారు, ఉండకేం? మళ్ళీ కూర్చుంది. ఇంకొక్కటి. మంట కనిపించగానే ఆ పొరల్ని చెత్తలో పారేసి, ఇంకొక్కటి. చక్రం చాలక్కా అంటోంది.

"నోర్ముయ్!" అనేసింది పైకే.

"నన్నేనా పిన్నీ? పాట అంత దరిద్రంగా ఉందా?" అన్నాడు బావగారు.

కత్తి కిందనుంచి వస్తున్న రిబ్బను తెల్లగా, ఏ మరకా లేకుండా జారుతోంది. ఉత్త మైనం. పిల్ల ముక్క మొత్తం అయిపోయింది, చేతులారా.

మిగిలిన ఒక్క గాజుపలక చూసి ల్యాబు డాక్టరమ్మ పిలిపించింది. "మంట అలాగే ఉంది పిన్నిగారూ. వెనకాల వైరస్ ఉందేమో ఇంకో రంగు వేసి చూడాలి. ఉంటే దానికి మందిచ్చి పేగు నిలబెట్టొచ్చు. ఇంకో నాలుగు పొరలు కోసివ్వండి."

"లేవు డాక్టరమ్మా. మొత్తం కోసేశాను. అది మా అమ్మాయిది."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఆ పిల్ల మళ్ళీ గొట్టం వేయించుకోవాలిప్పుడు. అర్థమవుతోందా మీకు? ఏం వెతికారు అందులో అంతగా?"

"చాలు అని సర్దిచెప్పే కణాల కోసం. మా తమ్ముడిలో అవి లేవన్నారు. దీన్లోనన్నా ఉన్నాయేమోనని." అనేసి తలొంచుకుని నిలబడింది.

డాక్టరమ్మ కోపం మింగి, తన పరిశోధన కోసం పాత బిళ్ళలనుంచి కోయించుకున్న గాజుపలకల్లోంచి ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కొన్నాళ్ళ కిందట స్టోరుగది బీరువాలోంచి ఆ బిళ్ళ తన బల్లమీదికొస్తే బావగారికిచ్చింది కత్తిపిన్నే. ఆరోజు లేచి నిలబడి, మావాళ్ళది అని చెప్పి మరీ ఇచ్చింది. పలక మాత్రం చూసే ధైర్యం చెయ్యలేదు.

"మీ తమ్ముడిది. అప్పట్లో ఈ రంగు లేదు. సర్దిచెప్పే కణాలు దీనికి గోధుమరంగులో కనిపిస్తాయి. చూడండి."

చూసింది. నీలం గుంపు మధ్య ఎక్కడ చూసినా గోధుమరంగు చుక్కలే.

"ఇన్ని ఉన్నాయా? లేవన్నారే..."

"మామూలు పేగులోకన్నా ఎక్కువే ఉన్నాయి. చెప్తూనే ఉన్నాయి పిన్నిగారూ. మిగతావి వినట్లేదు. ఈ జబ్బులో చాలామందికి ఇదే తంటా."

ఆమె కంటద్దం దగ్గర్నుంచి మొహం తియ్యలేదు చాలాసేపు. వాడు పోయాడు, ఈ కణాలు మాత్రం మైనంలో ఇన్నేళ్ళూ అలాగే నిలబడి ఉన్నాయి. ఆమె అటు వెళ్ళడానికే భయపడే ఆ బీరువాలో, వాడిలాగే చెప్తూ చెప్తూ.

జరిగింది కూతురికి చెప్పింది. "నా పేగు నీకు చాలక కోసి పారేశావా తల్లీ!" అని కూతురు గొడవపెట్టి, రెండు రోజులు మాట మానేసి, గొట్టం మళ్ళీ వేయించుకుంది. ఈసారి బావగారు కోశాడు. వైరస్ లేదు. మంట అలాగే ఉంది. కడుపు డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంకో మందుందనీ, పనిచేస్తుందన్న ఆశ తక్కువేననీ, ఆపరేషన్ ఇప్పుడే చేస్తే ప్రమాదం తక్కువనీ చెప్పాడు.

ఇంకొక్కసారి చూద్దాం అన్నమాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"చాలమ్మా," అంది కూతురు. "తీసేయించుకుంటాను. సంచి కట్టుకునైనా బస్సు నడుపుతాను."

అదే గడ్డం, అవే చెవులు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. "సరేనమ్మా," అంది. ఆ ఒక్క మాటకు ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు.

ఆపరేషన్ అయింది. కూతురు లేచి కూర్చుని సంచికి పేరుపెట్టే ఆలోచనలో ఉండగా, తీసిన పేగు ల్యాబుకొచ్చి మైనపు బిళ్ళలయింది. కత్తిపిన్ని లేచి నిలబడింది. "ఇది మావాళ్ళది, బావగారూ."

ఆయన ఏమీ అడక్కుండా వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. చక్రం తిరిగింది. చాలక్కా, చాలక్కా. ఆమె వెనకాలే గోడకానుకుని విన్నది. నీళ్ళమీద పొరలు పరుచుకున్నాక ఆయన వెనక్కి తిరిగాడు.

"ఇంకా తియ్యమంటావా పిన్నీ?"

"చాలు," అంది.

ఆయన బిళ్ళ విప్పేసి, తన బిళ్ళ బిగించుకుని మళ్ళీ చక్రం తిప్పాడు. ఆమె చెవులు రిక్కించింది. ఉత్త మిషను చప్పుడు. దగ్గరికొచ్చి వంగి మరీ విన్నది. ఏమీ లేదు. అప్పుడు ఏడ్చింది, తమ్ముడు ఆరోజే పోయినట్టు.