ఈదమ్మ మోసిన మంచి కబురు

కోస్గి దగ్గరి ఆ ఊళ్లో ఈదమ్మ వాకిట్లోకి వచ్చిందంటే చాలు, గుండెల్లో రాయి పడేది. "ఎవలు పోయిండ్రు?" అన్నదే ఆమెకు దొరికే పలకరింపు. చావు కబురు మోయడం తండ్రి తర్వాత ఆమెకు వచ్చిన పని. ఇంటింటికీ ఫోన్లొచ్చినా, ఆ కబురు మనిషే వచ్చి చెప్పాలని పెద్దల పట్టుదల. పెళ్లి పిలుపులకు మాత్రం ఈ మర్యాదస్తులకు వేరే మనుషులు దొరికేవారు!

ఓ ఆదివారం చర్చిలో పాస్టరు దేవదూతల గురించి చెప్పాడు. వాళ్లకు సొంత గొప్పేమీ లేదు, ఎవరిచేతా మొక్కించుకోరు, దేవుడు పంపిన చోటికి పోయి ఆయనిచ్చిన కబురు చెప్పడమే వాళ్ల పని అన్నాడు. చాప మీద జారగిలబడ్డ ఈదమ్మ నిటారుగా కూర్చుంది.

"గదే గద నా పని!" అంది పైకే.

క్రిస్మస్ నాటకంలో, రక్షకుడు పుట్టాడని గొర్రెల కాపర్లకు చెప్పే దూత వేషం తనకే కావాలని పట్టుబట్టింది. నాటకం నేర్పే భాగ్యశ్రీ నసిగింది.

"నిన్ను జూస్తె జనం సావు కబురనుకొని బుగులుపడ్తరు పెద్దమ్మా."

"గొర్లకాపర్లు గూడ దూతను జూసి బుగులుపడ్డరు గద బిడ్డా! బతుకంత సావు కబుర్లే మోసిన. ఒక్క మంచి కబురు నా నోటితోని చెప్పనియ్యి."

భాగ్యశ్రీకి కళ్లు చెమ్మగిల్లాయి. లోపలికి పోయి దూత రెక్కలు తెచ్చిచ్చింది.

కాపరి వేషానికి నిజం కాపరే దొరికాడు. కురుమయ్య చర్చికి పోయేవాడు కాదు, సరదాకొద్దీ గొర్రెలతో సహా వచ్చాడు. అతని తమ్ముడు పోయిన కబురు చెప్పింది ఈదమ్మే. అప్పట్నుంచి ఆమె ఎదురొస్తే దారి మార్చేవాడు. నాటకం రోజు పందిట్లో తెల్లచీరతో, రెక్కలతో ఆమె ముందుకు రాగానే, నాటకమన్న సంగతే మరిచి, "మల్ల ఎవలు పోయిండ్రే?" అని అరిచేశాడు.

జనం బిగుసుకుపోయారు. నేర్చుకున్న మాటలన్నీ ఈదమ్మకు ఎగిరిపోయాయి. అయినా బెదరలేదు.

"బుగులుపడకుండ్రి! ఎవ్వలు పోలే. పిలగాడు పుట్టిండు! మనందర్ని కాపాడెటోడు పుట్టిండు, పోయి సూడుండ్రి!"

నాలుగు చేన్ల అవతలికి వినబడే గొంతు అది. చప్పట్లతో పందిరి దద్దరిల్లింది. ఈదమ్మ గెలిచింది!

కొత్త సంవత్సరం వచ్చిన కొద్దిరోజులకే కురుమయ్య ఆమె ఇంటిముందు నిలబడ్డాడు.

"నా బిడ్డకు ఆడపిల్ల పుట్టిందే. దవాఖానల ఇద్దరు మంచిగున్నరు. ఊరంత నువ్వే చెప్పాలె."

ఈదమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. మొదటి వాకిట్లో ముసలామె ముఖం పాలిపోయేలోపే ఫక్కున నవ్వేసి, కబురు చెప్పింది.